కుక్కల శిక్షణ మెడపట్టీ

నడకకు తీసుకువెళ్ళినపుడు తాడును బలంగా లాగే కుక్కను అదుపు చేయుటకు, మనిషి ప్రక్కన నెమ్మదిగా నడవడం నేర్పుటకు వాడే ప్రత్యేకమైన మెడపట్టీని శిక్షణ మెడపట్టీ అంటారు. సాధారణ మెడపట్టీ కుక్కను పట్టుకొనుటకు, గుర్తింపు బిళ్ళను తగిలించుటకు మాత్రమే ఉపయోగపడుతుంది. శిక్షణ మెడపట్టీ అలా కాక, కుక్క లాగినపుడు బిగుసుకొనడం, గుచ్చుకొనడం, తలను ప్రక్కకు త్రిప్పడం లేదా విద్యుత్ ప్రేరణ కలిగించడం ద్వారా దాని ప్రవర్తనను మార్చడానికి ఉద్దేశింపబడినది. వీటిలో కొన్ని నిరపాయకరమైనవి. మరికొన్ని కుక్క మెడకు, మనసుకు హాని కలిగించగలవు కనుక కొన్ని దేశాలలో నిషేధింపబడినవి.

పేర్లు

తెలుగునాట కుక్క మెడకు కట్టేదానిని వాడుకలో "బెల్టు" అని, దానికి తగిలించే దానిని "గొలుసు" అని అంటారు. పశువుల మెడకు కట్టే తాడును పలుపు అని, గుర్రం నోటికి తగిలించేదానిని కళ్ళెం అని, ఎద్దు ముక్కుకు గుచ్చేదానిని ముకుతాడు అని పిలుస్తారు. జంతువు శరీరంలో సున్నితమైన చోట పట్టు దొరికితే పెద్ద బలాన్ని కూడా చిన్న తాడుతో అదుపు చేయవచ్చుననే ఆలోచన వీటన్నిటికీ మూలం. శిక్షణ మెడపట్టీలు కూడా ఇదే ఆలోచన నుండి పుట్టినవి.

చరిత్ర

కుక్కలకు మెడపట్టీ కట్టడం అతి ప్రాచీనమైన ఆచారం. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బ్రద్దలై పూడిపోయిన పాంపే నగరంలో ఒక ఇంటి గుమ్మం వద్ద, మెడపట్టీతో గొలుసుకు కట్టివేయబడిన కుక్క చిత్రం రంగురాళ్ళతో కూర్చబడి ఉన్నది. క్రీ.పూ. మొదటి శతాబ్దానికి చెందిన రోమను రచయిత వారో, మందను కాచే కుక్కల మెడకు మేకులు దిగగొట్టిన తోలుపట్టీ కట్టేవారని తన వ్యవసాయ గ్రంథంలో వ్రాశాడు. ఆ మేకుల మొనలు బయటికి ఉండేవి. తోడేళ్ళు కుక్క గొంతు పట్టుకొనకుండా కాపాడటం వాటి ఉద్దేశ్యం. మేకుల తలలు కుక్క మెడను ఒరుసుకొనకుండా లోపల మెత్తని తోలు కూడా కుట్టేవారు. నేటి ముళ్ళపట్టీలలో మొనలు లోపలికి, అనగా కుక్క మెడవైపునకే ఉండటం గమనించదగిన విషయం.

శిక్షణకు మెడపట్టీని ఒక పద్ధతి ప్రకారం వాడటం ఇరవయ్యవ శతాబ్దపు ప్రారంభంలో పోలీసు, సైనిక జాగిలాలతో మొదలైనది. జర్మనీకి చెందిన కొన్రాడ్ మోస్ట్ 1910లో ప్రచురించిన శిక్షణ గ్రంథం ఈ రంగంలో తొలి ముఖ్య రచనలలో ఒకటి. అమెరికాలో విలియం కోహ్లర్ 1962లో ప్రచురించిన పుస్తకం ద్వారా, బిగుసుకొనే గొలుసును ఒక్కసారిగా గుంజి వదిలే పద్ధతి ఇళ్ళలో పెంచే కుక్కలకు కూడా విస్తృతంగా వ్యాపించినది. 1960వ దశకంలోనే వేటకుక్కల కొరకు విద్యుత్ మెడపట్టీలు తయారైనవి. 1984లో కారెన్ ప్రయర్ వ్రాసిన పుస్తకంతోను, అదే దశకంలో ఇతర శిక్షకుల కృషితోను, దండన కంటే బహుమతి ద్వారా నేర్పడం మేలనే అభిప్రాయం బలపడసాగినది.

కుక్క ఎందుకు లాగుతుంది

కుక్క తాడును లాగడం మొండితనం వలన గాని, యజమానిపై పెత్తనం చెలాయించాలనే కోరిక వలన గాని కాదు. దీనికి ముఖ్యమైన కారణాలు మూడు.

• కుక్క సహజమైన నడక వేగం మనిషి నడక కంటే ఎక్కువ. మనిషితో సమానంగా నడవడం దానికి నేర్పవలసిన విద్యయే గాని సహజంగా వచ్చునది కాదు.
• కుక్కకు లోకమంతా వాసనలతో నిండి ఉంటుంది. దూరాన ఉన్న స్తంభం, చెట్టు మొదలు, మరొక కుక్క దానిని ఆకర్షిస్తాయి.
• లాగినపుడు యజమాని వెంట నడిస్తే కుక్క కోరుకున్న చోటికి చేరుతుంది. అనగా లాగడానికి బహుమతి లభించినట్లే. ఒకసారి ఆపి, మరొకసారి వదిలివేస్తే ఈ అలవాటు ఇంకా గట్టిపడుతుంది.

రోజంతా కట్టివేయబడి, తగిన వ్యాయామం లేని కుక్క బయటికి వచ్చిన వెంటనే మరింత బలంగా లాగుతుంది.

పనిచేసే సూత్రం

ఒక పని తరువాత సుఖం కలిగితే జంతువు ఆ పనిని తిరిగి చేస్తుందని, కష్టం కలిగితే తగ్గిస్తుందని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్ ప్రతిపాదించాడు. ఈ భావనను బి.ఎఫ్. స్కిన్నర్ మరింత అభివృద్ధి చేశాడు. బిగుసుకొనే గొలుసు, ముళ్ళపట్టీ, విద్యుత్ పట్టీ ఈ మూడూ కష్టం కలిగించుట ద్వారా పనిచేస్తాయి. లాగితే బాధ కలుగుతుంది, లాగడం మానితే బాధ తొలగుతుంది. తలకు తగిలించే హాల్టర్, రొమ్ము వద్ద కొక్కెం ఉన్న జీను ప్రధానంగా యాంత్రికంగా పనిచేస్తాయి. అవి లాగే బలాన్ని ప్రక్కకు మళ్ళిస్తాయి.

రకాలు

సాధారణ మెడపట్టీ: నైలాను లేదా తోలుతో చేసిన, బకిలు గల వెడల్పాటి పట్టీ. దానంతట అది బిగుసుకొనదు. లాగని కుక్కకు, శిక్షణ పొందిన కుక్కకు ఇది చాలును.

మార్టింగేల్: ఇందులో రెండు వలయాలు ఉంటాయి. పెద్ద వలయం మెడ చుట్టూ, చిన్న వలయం తాడుకు ఉంటాయి. లాగినపుడు పెద్ద వలయం ఒక పరిమితి వరకే బిగుసుకొని ఆగిపోతుంది. తల సన్నగా, మెడ దానికంటే వెడల్పుగా ఉండే గ్రేహౌండ్ వంటి జాతులు సాధారణ పట్టీ నుండి సులభంగా తల జార్చుకొనగలవు. అందుచేత వాటికి ఇది అనుకూలం. మన దేశపు వేటజాతులైన ముధోల్, చిప్పిపారై కుక్కల శరీర నిర్మాణం కూడా ఇటువంటిదే. ఊపిరాడకుండా చేయడం దీని ఉద్దేశ్యం కాదు, జారిపోకుండా ఆపడమే.

చోక్ చైన్: రెండు చివరల ఉంగరాలున్న లోహపు గొలుసు. ఒక ఉంగరం గుండా గొలుసును దూర్చి ఉచ్చులా చేస్తారు. లాగినకొద్దీ బిగుసుకుంటుంది, దీనికి హద్దు లేదు. ఎడమవైపు నడిచే కుక్కకు, దాని ఎదుట నిలబడి తొడిగేటపుడు ఆంగ్ల అక్షరం "పీ" ఆకారంలో ఉండవలెను. తారుమారుగా తొడిగితే తాడు వదులైనా గొలుసు వదులుకాదు.

ముళ్ళపట్టీ: ప్రాంగ్ కాలర్, పించ్ కాలర్ అని కూడా అంటారు. మొద్దు మొనలు గల లోహపు కడ్డీలను వరుసగా కూర్చి తయారు చేస్తారు. లాగినపుడు మొనలు మెడ చర్మాన్ని చుట్టూ నొక్కుతాయి. ఒత్తిడి మెడ చుట్టూ సమానంగా పంచబడుతుంది కనుక చోక్ చైన్ కంటే ఇది మేలని దీనిని సమర్థించేవారు వాదిస్తారు. అయితే నొప్పి కలిగించడమే దీని పని అన్నది వారు కూడా కాదనలేని విషయం.

విద్యుత్ మెడపట్టీ: శిక్షకుని చేతిలోని రిమోట్ నుండి వచ్చే రేడియో సంకేతంతో మెడ చర్మానికి విద్యుత్ ప్రేరణను ఇస్తుంది. తీవ్రతను హెచ్చించవచ్చును, తగ్గించవచ్చును. కుక్క మొరిగినపుడు దానంతట అదే పనిచేసే రకాలు కూడా ఉన్నవి.

హాల్టర్: గుర్రపు తలకట్టును పోలిన సాధనం. ఒక పట్టీ చెవుల వెనుక, మరొకటి మూతిపై ఉంటాయి. బ్రిటనుకు చెందిన రోజర్ మగ్‌ఫర్డ్ రూపొందించిన హాల్టీ, అమెరికాలో ఆర్.కె. ఆండర్సన్, రూత్ ఫోస్టర్ రూపొందించిన జెంటిల్ లీడర్ వీటిలో ప్రసిద్ధమైనవి. కుక్క ముందుకు లాగితే దాని తల ప్రక్కకు తిరుగుతుంది. ఇది మూతిబుట్ట కాదు. దీనిని తొడిగినా కుక్క నోరు తెరవగలదు, నీరు త్రాగగలదు, వగర్చగలదు. మొదట్లో చాలా కుక్కలు దీనిని కాళ్ళతో గోకి తీసివేయజూస్తాయి. కనుక తినుబండారాలతో కొద్దికొద్దిగా అలవాటు చేయవలెను. పగ్ వంటి పొట్టిమూతి జాతులకు ఇది నిలువదు.

రొమ్ముకొక్కెం జీను: ఇది మెడపట్టీ కాకపోయినా దానికి ప్రత్యామ్నాయంగా వాడుతారు. తాడు రొమ్ము ముందు భాగాన తగిలించుటచేత, లాగిన కుక్క యజమాని వైపునకు తిరుగుతుంది. వీపుపై కొక్కెం ఉన్న జీను మెడను కాపాడుతుంది గాని లాగడాన్ని ఆపదు. మంచుబండ్లు లాగే కుక్కలు హాయిగా బలం చూపుటకు అటువంటి జీనులనే వాడుతారు.

శరీరంపై ప్రభావం

కుక్క మెడలో శ్వాసనాళం, అన్నవాహిక, థైరాయిడు గ్రంథి, పెద్ద రక్తనాళాలు, వెన్నుపూసలు దగ్గరదగ్గరగా ఉన్నవి. పొమరేనియన్, యార్క్‌షైర్ టెర్రియర్, చివావా వంటి చిన్న జాతులలో శ్వాసనాళం కుంగిపోయే వ్యాధి ఎక్కువ. మెడపై ఒత్తిడి పడితే ఆ కుక్కలు బాతు అరుపును పోలిన పొడిదగ్గు దగ్గుతాయి. తెలుగు ఇళ్ళలో పొమరేనియన్ కుక్కల పెంపకం సర్వసాధారణం కనుక ఈ విషయం గుర్తుంచుకొనదగినది.

2006లో ప్రచురితమైన ఒక అమెరికా పరిశోధనలో, మెడపట్టీతో లాగిన కుక్కల కంటిలోపలి ఒత్తిడి గణనీయంగా పెరిగినట్లు, జీనుతో లాగినపుడు అట్లు పెరగనట్లు తేలినది. కనుక నీటికాసుల వ్యాధి, కంటి గాయాలు ఉన్న కుక్కలకు జీను వాడటం శ్రేయస్కరం. 2020లో బ్రిటనులోని నాటింగ్‌హామ్ ట్రెంట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కృత్రిమ మెడ నమూనాపై పలు రకాల మెడపట్టీలను పరీక్షించగా 83 నుండి 832 కిలోపాస్కళ్ళ ఒత్తిడి నమోదైనది. సముద్రమట్టం వద్ద వాతావరణ పీడనం సుమారు 101 కిలోపాస్కళ్ళు. మెత్తని పట్టీలతో సహా, గట్టిగా లాగినపుడు ఏ మెడపట్టీ కూడా పూర్తిగా సురక్షితం కాదని వారు భావించారు. అనగా పట్టీని మార్చినంత మాత్రాన సమస్య తీరదు, లాగే అలవాటును మాన్పించవలెను.

ప్రవర్తనపై ప్రభావం

బాధకు కారణం తాను లాగడమేనని కుక్క గ్రహిస్తుందన్న హామీ లేదు. ఆ క్షణాన తాను చూస్తున్న పిల్లవాడినో, స్కూటరునో, మరొక కుక్కనో ఆ బాధకు కారణంగా భావించవచ్చును. దాని ఫలితంగా భయం, తరువాత కరిచే స్వభావం ఏర్పడవచ్చును. 2004లో నెదర్లాండ్స్ పరిశోధకులు విద్యుత్ పట్టీతో శిక్షణ పొందిన కాపలా కుక్కలను పరిశీలించి, శిక్షణ లేని సమయంలో కూడా అవి శిక్షకుని సమక్షంలో ఒత్తిడి లక్షణాలు చూపుతున్నవని తెలిపారు. 2014లో ప్రచురితమైన బ్రిటను లింకన్ విశ్వవిద్యాలయ పరిశోధనలో, బహుమతి పద్ధతి కంటే విద్యుత్ పట్టీ వలన అదనపు ప్రయోజనం కనబడలేదు. అమెరికా పశువైద్య ప్రవర్తనా శాస్త్ర సంఘం 2021లో అన్ని కుక్కలకు బహుమతి ఆధారిత శిక్షణనే సిఫారసు చేసినది.

ఈ సాధనాలను సమర్థించే శిక్షకులు, బలమైన కుక్కను పట్టుకొనలేని వృద్ధులకు, రోడ్డుమీదికి దూకే కుక్కలకు ఇవి తప్పనిసరి అని, నేర్పరి చేతిలో హాని కలుగదని అంటారు. అయితే ఇటువంటి అవసరాలకు హాల్టర్, రొమ్ముకొక్కెం జీను కూడా పనికివస్తాయి.

చట్టాలు

ఆస్ట్రియా, స్విట్జర్లాండులలో ముళ్ళపట్టీలు నిషిద్ధం. జర్మనీలో శిక్షణకు విద్యుత్ సాధనాలు వాడరాదని సమాఖ్య పరిపాలనా న్యాయస్థానం 2006లో తీర్పు చెప్పినది. 2022 జనవరి 1 నుండి అక్కడ ముళ్ళపట్టీలు కూడా నిషేధింపబడినవి. వేల్స్‌లో విద్యుత్ పట్టీలపై 2010లో నిషేధం వచ్చినది. ఆస్ట్రేలియాలోనికి ముళ్ళపట్టీల దిగుమతిపై ఆంక్షలు కలవు.

భారతదేశంలో 1960 నాటి జంతు హింసా నిరోధక చట్టం శిక్షణ మెడపట్టీలను పేరు పెట్టి ప్రస్తావించలేదు. కాని ఆ చట్టపు 11వ సెక్షను ప్రకారం జంతువుకు అనవసరమైన బాధ కలిగించడం, మిక్కిలి పొట్టి లేదా బరువైన గొలుసుతో అనుచితమైన కాలం కట్టివేయడం నేరాలు. ఎల్లప్పుడూ కట్టివేసి ఉంచే కుక్కకు తగిన వ్యాయామం కల్పించకపోవడం కూడా అదే సెక్షను క్రింద నేరమే. మొదటి నేరానికి ఆ చట్టం నిర్దేశించిన జరిమానా పది నుండి యాభై రూపాయలు మాత్రమే.

వాడకంలో జాగ్రత్తలు

• పట్టీకి, మెడకు మధ్య రెండు వేళ్ళు దూరేంత వదులు ఉండవలెను.
• పెరిగే కుక్కపిల్ల పట్టీని తరచుగా సరిచూడవలెను. పట్టించుకొనకపోతే అది చర్మంలోనికి దిగబడి పుండు పడుతుంది.
• చోక్ చైన్ తొడిగి కుక్కను ఒంటరిగా వదలరాదు, కట్టివేయరాదు. కిటికీ ఊచకో కొమ్మకో తగులుకొని ఉరిపడే ప్రమాదం ఉన్నది.
• హాల్టర్‌కు పొడవైన తాడు తగిలించరాదు. పరుగెత్తి ఒక్కసారిగా ఆగితే మెడ మెలిపడవచ్చును.
• వానాకాలంలో తడిసిన పట్టీని తీసి, మెడను ఆరబెట్టవలెను.
• ఊరకే ఉన్న కుక్క ఒక్కసారిగా దగ్గడం, మెడ త్రిప్పలేకపోవడం కనబడితే పశువైద్యునికి చూపవలెను.

లాగకుండా నేర్పే పద్ధతి

ఏ ప్రత్యేక పట్టీ లేకుండానే చాలా కుక్కలకు ఈ అలవాటును మాన్పించవచ్చును. సుమారు రెండు మీటర్ల తాడు, సాధారణ పట్టీ లేదా జీను, చిన్న తినుబండారపు ముక్కలు ఉంటే చాలును.

1. మొదట ఇంటిలో లేదా పెరటిలో, ఆకర్షణలు తక్కువగా ఉన్నచోట ప్రారంభించవలెను.
2. కుక్క మోకాలి ప్రక్కకు వచ్చిన ప్రతిసారి అక్కడే ఒక ముక్క ఇవ్వవలెను.
3. తాడు బిగిసిన వెంటనే నిలబడిపోవలెను. గుంజరాదు, తిట్టరాదు.
4. కుక్క వెనుదిరిగి తాడు వదులైన క్షణాన మెచ్చుకొని తిరిగి నడవవలెను.
5. బాగా నడిచిన తరువాత వాసన చూడటానికి అనుమతించవలెను. కుక్కకు ఇది తిండితో సమానమైన బహుమతి.
6. క్రమంగా వీధిలోనికి, తరువాత రద్దీ ఉన్న చోటికి తీసుకువెళ్ళవలెను.

ఈ శిక్షణ ఇచ్చేటపుడు ఇంటిలోని వారందరూ ఒకే నియమాన్ని పాటించవలెను. ఒకరు ఆగి, మరొకరు వెంట పరుగెత్తితే కుక్క లాగడమే నేర్చుకుంటుంది. రోజుకు పది పదిహేను నిమిషాల చొప్పున కొన్ని వారాల పాటు ఓపికగా చేయవలెను. వేసవిలో తారురోడ్డు వేడికి పాదాలు కాలుతాయి కనుక ఉదయం, సాయంత్రం వేళలు అనుకూలం.

ఇవి కూడా చూడండి

• కుక్క
• జాగిలం
• పొమరేనియన్
• పశువైద్యం
• జంతు హింసా నిరోధక చట్టం, 1960