ఆదివారం ఫైనల్, ఆదివారం ఆరాధన

కోనసీమ పల్లెల్లో వాలీబాల్ టోర్నమెంటు పెట్టినా, క్రికెట్ పోటీలు పెట్టినా ఫైనల్ పడేది చాలాసార్లు ఆదివారమే. అందరికీ సెలవు, జనం కదిలే రోజు. అదే పూట మందిరాల్లో ఆరాధన జరుగుతుంటుంది. జట్టులో బాగా స్మాష్ కొట్టే కుర్రాడిది విశ్వాసుల కుటుంబమైతే ఆ వారమంతా ఇంట్లో ఒకటే చర్చ. తల్లి ఒక మాటంటుంది, తండ్రి ఒక మాటంటాడు, పాస్టరు గారు ఇంకో మాటంటారు.

ఒకప్పుడైతే ‘ఆటలు కూడు పెడతాయా’ అనే ప్రశ్నతో చర్చ ముగిసేది. ఇప్పుడు ముగియదు. అమలాపురం కుర్రాడు రంకిరెడ్డి సాత్విక్‌సాయిరాజ్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో చిరాగ్ శెట్టితో కలిసి బ్యాడ్మింటన్‌లో దేశానికి తొలి స్వర్ణం తెచ్చాడు. ఆ ఏడాదికే ఖేల్‌రత్న కూడా అందుకున్నాడు. ఆట బతుకుతెరువు కాగలదని ఇక్కడి తల్లిదండ్రులు కళ్లారా చూశారు. పాట సంగతీ అంతే. మందిరంలో కీబోర్డు నేర్చుకున్న పిల్లాడు పెళ్లి ఆర్కెస్ట్రాలో వాయించి ఇంటికి డబ్బు తెస్తున్నాడు. కాబట్టి విశ్వాసి ఆటలోనూ వినోదంలోనూ ఎలా మసలుకోవాలనేది యవ్వనస్తుల కూటంలో కాలక్షేపానికి వేసుకునే ప్రశ్న కాదు. దాని మీద ఒక కుటుంబం తిండి, ఒక పిల్లాడి భవిష్యత్తు ఆధారపడి ఉన్నాయి.

దీనికి మన దగ్గర రెండు జవాబులు తయారుగా ఉంటాయి. పెద్దలు ‘లోకం జోలికి పోవద్దు’ అంటారు. పిల్లలు ‘కాలం మారింది’ అంటారు. రెండూ తొందరపాటు జవాబులే అని నా నమ్మకం. పెద్దలు ‘వద్దు’ అన్నప్పుడు ఆ మాట దేన్ని కాపాడిందో ముందు తెలుసుకోవాలి.

గోదావరి డెల్టాకు బ్రదరెన్ అనే క్రైస్తవ శాఖ మిషనరీలు వచ్చింది 1836లో. ఇంగ్లండులోని డెవన్ ప్రాంతం నుంచి విలియం బౌడెన్, జార్జ్ బీర్ అనే ఇద్దరు యువకులు మిషనరీ ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ వెంట ఓడెక్కారు. ఇద్దరూ పనిపాటలు చేసుకుని బతికినవాళ్లే. నర్సాపురం కేంద్రంగా వాళ్లు మొదలుపెట్టిన పని పాలకొల్లుకు, వశిష్ఠ పాయ దాటి కోనసీమకు పాకింది. బ్రదరెన్ బోధలో ‘లోకం నుంచి వేరైపోవడం’ అనేది చాలా గట్టి మాట. తాగుడు, జూదం, నాటకాలు, తర్వాతి రోజుల్లో సినిమా, అన్నీ ఆ ‘లోకం’లోకే చేరాయి.

అయితే ఆ బోధ విన్నవాళ్లలో ఎక్కువమంది మాలపల్లెల వాళ్లు, మాదిగపల్లెల వాళ్లు. పల్లెలో వినోదం అంటే జాతర, తీర్థం, పెళ్లి ఊరేగింపు. వాటిలో డప్పు ఎవరు కొట్టాలో, ఎవరు ఎంత దూరంలో నిలబడాలో ఊరు తరాల కిందటే తేల్చేసింది. కొట్టినందుకు దక్కేది ఇన్ని గింజలు, కొంచెం సారా. చావుకీ అదే డప్పు, అమ్మవారి కొలుపుకీ అదే డప్పు. బాప్తిస్మం తీసుకున్న మనిషి ‘ఇక జాతరకు రాను, డప్పు కొట్టను’ అన్నప్పుడు ఆ మాటలో భక్తి ఎంత ఉందో ఆత్మగౌరవమూ అంత ఉంది. ఊరి వేడుకలో తనకు కేటాయించిన చోటును అతను కాదన్నాడు. డప్పు వదిలిన తాతను ‘వినోదం తెలియని మనిషి’ అని మనవడు అనుకుంటే చాలా పెద్ద సంగతి అతని చేయి జారిపోతుంది.

ఇవాళ క్రిస్మస్ ఊరేగింపులో డప్పు మోగితే కొందరు పెద్దల మనసు చివుక్కుమంటుంది. కుర్రాళ్లకు అదే డప్పు గర్వం. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. ఒకరి ఆజ్ఞ మీద కొట్టిన డప్పు వేరు, తన ఇష్టంతో తన దేవుడి కోసం కొట్టే డప్పు వేరు. వాయిద్యం మారలేదు, కొట్టించే అధికారం మారింది. సంఘాల్లో ఈ సంగతి ఎవరో ఒకరు కూర్చోబెట్టి పిల్లలకు చెప్పాలి.

వినోదం మీద క్రైస్తవుల అనుమానం కోనసీమలో పుట్టింది కాదు. సుమారు క్రీ.శ. 200 నాటికే ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్‌లో టెర్టూలియన్ అనే క్రైస్తవ రచయిత ‘ప్రదర్శనలకు వెళ్లొద్దు’ అని ఒక పుస్తకమే రాశాడు. అప్పటి రోమన్ ప్రదర్శనలు దేవతలకు అర్పణలతో ముడిపడి ఉండేవి. వాటిలో మనుషులు ఒకరినొకరు చంపుకుంటుంటే జనం కేకలు వేసేవారు. ఆ చోటుకు వెళ్లొద్దనడం సబబే. అంతకు నూటయాభై ఏళ్ల ముందు పౌలు మాత్రం కొరింథు సంఘానికి రాస్తూ పరుగు పందెం, ముష్టియుద్ధం పోలికలనే ఎంచుకున్నాడు. కొరింథు పక్కనే రెండేళ్లకోసారి ఇస్త్మియన్ క్రీడలు జరిగేవి. గెలిచినవాడి తల మీద పెట్టే ఆకుల కిరీటం నాలుగు రోజుల్లో వాడిపోతుందని అక్కడి వాళ్లందరికీ తెలుసు. క్రీడాకారుడి క్రమశిక్షణ విశ్వాసికీ కావాలని, కానీ అతను కోరే కిరీటం వాడనిదని పౌలు చెప్పాడు. ఆటను తిట్టి ఆ మాట చెప్పలేదు, ఆటనే ఉదాహరణగా తీసుకుని చెప్పాడు.

ఆటకు, సంఘానికి ఉన్న చుట్టరికం మనం అనుకునే దానికంటే దగ్గరిది. కొబ్బరితోటల మధ్య మనవాళ్లు ఆడే వాలీబాల్‌ను 1895లో అమెరికాలో విలియం మోర్గాన్ తయారుచేశాడు. ఆయన వైఎంసీఏ అనే క్రైస్తవ యువజన సంస్థలో వ్యాయామ శిక్షకుడు. బాస్కెట్‌బాల్ కూడా 1891లో వైఎంసీఏ శిక్షణశాలలో జేమ్స్ నెయ్‌స్మిత్ చేతుల్లోనే పుట్టింది. శరీరం, మనసు, ఆత్మ మూడూ కలిసి ఎదగాలనేది ఆ సంస్థ సిద్ధాంతం. 1920లో హ్యారీ బక్ మద్రాసులో వైఎంసీఏ వ్యాయామ కళాశాల మొదలుపెట్టాడు. మద్రాసు ప్రెసిడెన్సీ బడుల్లో డ్రిల్లు మాస్టార్ల చదువుకు పునాది అక్కడే పడింది. డోర్నకల్ బిషప్‌గా తెలుగు నేలంతా గౌరవించిన వి.ఎస్. అజరయ్య కూడా బిషప్ కాకముందు వైఎంసీఏ కార్యదర్శిగా ఏళ్లపాటు పనిచేశారు. వాలీబాల్ నెట్టును ‘లోకం’ అని తోసేసే ముందు ఈ చరిత్ర ఒకసారి తలుచుకోవాలి.

ఆదివారం సంగతికి వస్తే, ప్రసంగాల్లో తరచూ వినిపించే పేరు ఎరిక్ లిడెల్. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల హీట్స్ ఆదివారం పడ్డాయని ఈ స్కాట్లండ్ ఆటగాడు ఆ పందెం వదులుకున్నాడు. ఆ రోజు గుడిలో వాక్యం చెప్పాడు. ఆ వారంలోనే 400 మీటర్లలో 47.6 సెకన్లతో స్వర్ణం గెలిచాడు. మన దగ్గర కథ సాధారణంగా ఇక్కడితో ఆపేస్తారు, ‘దేవుణ్ణి ఘనపరిస్తే పతకం వస్తుంది’ అన్నట్టు. ఇలా చెప్పడం పిల్లలకు మంచిది కాదు. ఆదివారం మ్యాచ్ మానేసిన పిల్లాడికి పతకం రాకపోతే అతని విశ్వాసం ఏం కావాలి?

లిడెల్ కథలో మనకు ఎక్కువ పనికొచ్చే భాగం తర్వాత ఉంది. 1925లో ఆయన మిషనరీగా చైనా వెళ్లాడు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాను సైన్యం ఆయన్ని వైషియెన్ నిర్బంధ శిబిరంలో పెట్టింది. అక్కడి పిల్లలకు ఆటలు ఆడించే బాధ్యత ఆయనే తీసుకున్నాడు. ఆదివారం మాత్రం రిఫరీగా ఉండనన్నాడు. పెద్దవాళ్లెవరూ లేకుండా పిల్లలు హాకీ ఆడుకుని కొట్టుకున్నారు. అప్పుడు ఆయన మనసు మార్చుకుని ఆదివారం కూడా ఈల పట్టుకుని మైదానంలో నిలబడ్డాడు. ఒలింపిక్ పతకం కోసం దాటని గీతను పిల్లల కోసం దాటాడు. 1945 ఫిబ్రవరిలో ఆ శిబిరంలోనే కన్నుమూశాడు. రెండు సందర్భాల్లోనూ అదే మనిషి, అదే విశ్వాసం. నియమం ఎవరి మేలు కోసం పుట్టిందో ఆయనకు తెలుసు.

రోమా సంఘానికి రాసిన పత్రికలో పౌలు కూడా దినాల విషయంలో ఎవరి మనసులో వారు నిశ్చయించుకోవాలని, ఒకరినొకరు తీర్పు తీర్చుకోవద్దని చెబుతాడు. అంటే ఆరాధనను తేలిగ్గా తీసుకోమని కాదు. ఎప్పుడో ఒక ఫైనల్ కోసం మానడం వేరు, ఏడాది పొడవునా ప్రతి ఆదివారం కోచింగ్ పేరుతో సంఘానికి దూరం కావడం వేరు. రెండోది జరిగితే ఆ పిల్లాడు ఓడిన రోజున అతని భుజం మీద చెయ్యి వేసే మనుషులు మిగలరు. సంఘం కూడా ఒక అడుగు వేయొచ్చు. ఆటగాళ్ల కోసం తెల్లవారుజామున ఒక చిన్న ఆరాధన పెట్టుకోవడానికి ఏ వాక్యమూ అడ్డు రాదు.

సినిమా దగ్గర లెక్క ఇంకొంచెం చిక్కు. కళను వాడుకోవడంలో తెలుగు క్రైస్తవులు మొదటి నుంచీ వెనుకాడలేదు. పంతొమ్మిదో శతాబ్దంలోనే పురుషోత్తమ చౌదరి కర్ణాటక రాగాల్లో కీర్తనలు కట్టారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే రాగం, తాళం పేర్లు ఇప్పటికీ కనిపిస్తాయి. 1978లో విజయచందర్ క్రీస్తుగా నటించిన ‘కరుణామయుడు’ వచ్చింది. మోదుకూరి జాన్సన్ దానికి రాసిన పాట మందిరాల్లోకీ నడిచొచ్చింది. తెల్లగుడ్డ కట్టి ప్రొజెక్టర్‌తో పల్లె పల్లెనా ఆ బొమ్మ వేశారు. అనేక భాషల్లోకి వెళ్లింది. సినిమా హాలు గడప తొక్కొద్దన్న పెద్దలు సైతం ఆ తెర ముందు కూర్చుని కళ్లు తుడుచుకున్నారు. అంటే వాళ్ల అభ్యంతరం తెర మీద కాదు, తెర మీద ఏం చూపిస్తున్నారన్న దాని మీద.

ఆ రంగంలో పనిచేసేవాళ్లు వేర్వేరు దారులు ఎంచుకున్నారు. ‘ఆనంద్’ హీరో రాజా సినిమాలు వదిలి సువార్త బోధకుడయ్యారు. కనిగిరిలో తెలుగు క్రైస్తవ కుటుంబంలో పుట్టిన జానీ లీవర్, కొడుకు జబ్బు నయమైన తర్వాత విశ్వాసంలో బలపడ్డానని బహిరంగంగానే చెబుతారు, హాస్యనటుడిగానూ కొనసాగారు. ఒకరు వెళ్లిపోయారు, ఒకరు ఉండిపోయారు. ఇద్దరిలో ఎవరి భక్తి గొప్పదో తూచడం మన పని కాదు. ఉండాలనుకునే వాళ్లకు మాత్రం రోజూ ఎదురయ్యే ప్రశ్నలున్నాయి. ఒక ఆడపిల్లను, ఒక కులాన్ని, ఒకరి నల్లరంగును కించపరిచి నవ్వించే మాట నా నోటితో పలకాలా? ఆర్కెస్ట్రాలో వాయించే కుర్రాడికైతే రాత్రి పన్నెండు దాటాక స్టేజీ వెనక సీసా చేతికిచ్చినప్పుడు ఏం చేయాలన్నదే అసలు పరీక్ష. పెళ్లిలో ప్రేమపాట వాయించడం పాపమని నేను అనుకోను.

ఇప్పుడు ప్రమాదం మందిరం లోపలికీ వచ్చింది. స్టేజీ లైట్లు, పొగ, యూట్యూబ్ వ్యూస్ లెక్కలు పెట్టుకుని పాడే ఆరాధన పాటలు కూడా ఒక ప్రదర్శనే. సినిమా పాటను తప్పుపట్టే నోటితో మనం దీన్ని కూడా ప్రశ్నించాలి.

నా మాట అడిగితే, అన్నిటికంటే ఎక్కువ కీడు చేస్తున్నది పందెం. సంక్రాంతి మూడు రోజులూ కోళ్ల బరుల దగ్గర, గుండాట బల్లల దగ్గర డబ్బు నీళ్లలా పోతుంది. ఐపీఎల్ వస్తే ఫోనులోనే బెట్టింగు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ గేములను 2025లో పార్లమెంటు చట్టం చేసి నిషేధించింది. కానీ దొంగదారి యాప్‌లు, చేబదులు పందేలు ఆగలేదు. తాకట్టులోకి వెళ్లేది తల్లి పుస్తెలు. సినిమా మీద పది ప్రసంగాలు వింటే పందెం మీద ఒకటి వినడం కష్టం. ఆట మొదలయ్యే ముందు సిలువ గుర్తు వేసుకోవడం కంటే, ఎవరో ఓడిపొమ్మని డబ్బిస్తే వద్దనడం బలమైన సాక్ష్యం.

సాక్ష్యం అన్నాం కాబట్టి క్రికెటర్ జెమీమా రోడ్రిగ్స్ గురించి చెప్పాలి. 2025 అక్టోబరు 30న నవీ ముంబయిలో మహిళల ప్రపంచకప్ సెమీఫైనల్లో ఆస్ట్రేలియా మీద ఆమె 127 పరుగులతో అజేయంగా నిలిచింది. 339 పరుగుల లక్ష్యాన్ని భారత్ ఛేదించింది. కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి కూడా ఆ జట్టులో ఉంది. మ్యాచ్ అయ్యాక జెమీమా యేసుకు కృతజ్ఞత చెప్పింది. అంతకంటే ముఖ్యంగా ఆ టోర్నీలో తాను ఎంత ఆందోళన పడిందో, ఎన్నిసార్లు ఏడ్చిందో దాచుకోకుండా చెప్పింది. గెలిపించినందుకు స్తోత్రం అని చాలామంది అంటారు. కుంగిపోయిన రోజుల్లో ఆనుకున్నాను అని చెప్పడం అరుదు. యేసు పేరు చెప్పినందుకు ఆమెను ద్వేషించినవాళ్లూ ఉన్నారు.

జెమీమా మాట్లాడినంత ధైర్యంగా మన పిల్లలూ మాట్లాడాలని ప్రసంగాల్లో వింటున్నాం. ఇక్కడ ఒక చట్టం సంగతి తెలియాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ప్రధానంగా హిందువులకే ఎస్సీ హోదా ఉండేది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవ మతంలోకి మారిన ఎస్సీలను బీసీ-సీ కింద లెక్కిస్తారు, వాళ్లందరికీ కలిపి రిజర్వేషన్ ఒక్క శాతం. మతం మారినా పల్లెలో అంటరానితనం మాత్రం మారలేదు. మైదానంలో గెలిచి, మైకు ముందు నిలబడి యేసు పేరు చెప్పిన దళిత అమ్మాయికి రేపు కాలేజీ సీటు, ఉద్యోగం, సర్టిఫికెట్ అన్నీ ప్రశ్నార్థకం కావచ్చు. ముంబయి అమ్మాయి జెమీమాకు లేని భయం రాజోలు అమ్మాయికి ఉన్నది విశ్వాసం తక్కువై కాదు. నోరు విప్పని ఆ అమ్మాయిని పిరికిదని అనే హక్కు, ఆమె బూట్లకు, బస్సు ఛార్జీలకు, కోచింగ్ ఫీజుకు చందా వేసుకోని సంఘానికి లేదు.