మెట్లెక్కే తల్లి

'గుండె చెరువైంది' అంటాం. గుండె నిజంగా చెరువవుతుందా? కాదు. దుఃఖం ఎక్కువైందని అర్థం. 'బతుకు బండి లాగుతున్నాం' అంటాం. బతుక్కి చక్రాలుంటాయా? ఉండవు. ఒకదాన్ని ఇంకొకదానితో పోల్చి చెప్పుకుంటాం, అంతే. అక్షరం రాని రోజుల్లో కూడా మనం ఇలాగే మాట్లాడాం. కవులు చేసేదీ ఇదే.

అమెరికాలో లాంగ్‌స్టన్ హ్యూస్ అనే నల్లజాతి కవి ఉండేవాడు. చిన్నతనంలో ఎక్కువకాలం అమ్మమ్మ దగ్గర పెరిగాడు. ఆయన రాసిన ఒక కవిత 1922లో అచ్చయింది. ఆ దేశంలో బానిసత్వం 1865లో చట్టప్రకారం పోయింది. కానీ నల్లవాళ్లంటే చిన్నచూపు పోలేదు. మంచి బడి, మంచి పని వాళ్లకు అందనిచ్చేవాళ్లు కాదు.

ఈ కవితలో ఒక తల్లి కొడుకుతో మాట్లాడుతుంది. పుస్తకాల భాషలో కాదు, ఇంట్లో మాట్లాడే యాసలో. తన బతుకును ఆమె మెట్లతో పోల్చింది. అవి అద్దంలా మెరిసే మెట్లు కావు. పాత చెక్క మెట్లు. మేకులు పైకి లేచాయి. పేళ్లు గుచ్చుకుంటాయి. కొన్నిచోట్ల పలకలు ఊడిపోయాయి. కొన్నిచోట్ల దీపం కూడా లేదు. అయినా ఆమె ఎక్కుతూనే ఉంది. వెనక్కి తిరగొద్దనీ, కష్టమని మధ్యలో కూలబడొద్దనీ కొడుక్కి చెబుతుంది.

ఇప్పుడు ఒక్కో మాట విప్పి చూద్దాం. మేకు అంటే ఏమిటి? కాలికి దిగే కష్టం. అప్పు కావచ్చు, అవమానం కావచ్చు. ఊడిన పలక అంటే? ఆసరా ఉండాల్సిన చోట లేకపోవడం. చీకటి అంటే? ముందు ఏముందో తెలియని భయం. మెట్లు మలుపు తిరిగే చోటు అంటే? చిన్న గెలుపు. అక్కడ కాస్త ఊపిరి పీల్చుకుని మళ్లీ ఎక్కాలి.

ఈ కవితలో 'కల' అనే మాట ఎక్కడా లేదు. కానీ మెట్లు ఎందుకుంటాయి? పైకి పోవడానికే కదా! ఆ పైన ఉన్నదే మన కల. 'ధైర్యంగా ఉండు' అని ఊరికే చెబితే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తాం. మేకు దిగిన కాలు కళ్లముందు కనబడితే మర్చిపోం. పోలికకున్న బలం అదే.

ఇంకో సంగతి గమనించండి. ఆ తల్లి పైన కూర్చుని బుద్ధి చెప్పడం లేదు. తానూ ఇంకా ఎక్కుతూనే ఉంది. అందుకే ఆమె మాటకు విలువ. రాత్రి పనులన్నీ అయ్యాక పుస్తకం పట్టే అమ్మను చూసి, బిడ్డ బడి మానదు.

'ఈ వయసులో చదువేంటి?' అని ఎవరైనా అన్నారా? అదీ ఒక మేకే. సంతకం నేర్చారా? బస్సు బోర్డు చదివారా? అదొక మలుపు.

మీ దారిలో మేకు ఏది? మీరు చేరిన మలుపు ఏది? అందరూ కలిసి మాట్లాడుకోండి. తర్వాత మీ బతుకును దేనితో పోలుస్తారో రెండు వాక్యాలు రాయండి.