కాటా మీద పాతిక వేలు, చేతిలో ఇరవై ఒకటి

"జీతం ఎంత బిడ్డా?"

"పాతిక వేలు బాపూ."

"అది సరే, చేతికి ఎంతొస్తది?"

బోధన్ వైపు ఏ ఇంట్లోనైనా కొలువు కబురు రాగానే పెద్దాయన అడిగే రెండో ప్రశ్న ఇదే. చెరకు తోలినవాళ్లకు ఈ లెక్క ఒకరు నేర్పక్కర్లేదు. కాటా మీద నిండు ట్రాక్టర్ చూపించే బరువు వేరు, బండి బరువు తీసేశాక చిట్టీలో పడే చెరకు వేరు. ఆఫర్ లెటర్‌లో ఉండే 'సీటీసీ' నిండు బండి తూకమే. మన పిల్లలు దాన్నే జీతం అనుకుని పెళ్లిచూపుల్లో కూడా చెప్పేస్తున్నారు.

ఏడాదికి మూడు లక్షల సీటీసీ, అంటే నెలకు 25,000 అనుకుందాం. అందులో సగం, 12,500, బేసిక్. యజమాని కట్టే పీఎఫ్ 12 శాతం, అంటే 1,500. గ్రాట్యుటీ కింద పక్కన పెట్టేది 601. చాలా కంపెనీలు ఈ రెండింటినీ సీటీసీలోనే కలిపి చూపిస్తాయి. అవి పోతే మొత్తం జీతం 22,899. అందులోంచి ఉద్యోగి వాటా పీఎఫ్ మరో 1,500, వృత్తి పన్ను 200 కోస్తారు. చేతికి వచ్చేది 21,199. ఆదాయపు పన్ను రూపాయి కూడా లేదు. 2025-26 నుంచి కొత్త విధానంలో జీతగాళ్లకు ఏడాదికి 12.75 లక్షల దాకా ఆ బెడద లేదు.

తేడా 3,801. ఇందులో నిజంగా సర్కారు ఖజానాకు పోయింది ఎంత? వృత్తి పన్ను 200, అంతే. మూడు వేలు పీఎఫ్, పింఛను ఖాతాల్లో మన పేరునే ఉంటాయి. గ్రాట్యుటీ మాత్రం సాధారణంగా అయిదేళ్లు అక్కడే నిలబడితేనే మనది. రెండేళ్లకో కంపెనీ మారే కుర్రాళ్లకు ఆ 601 కాగితం మీది అంకెగానే మిగులుతుంది.

వృత్తి పన్ను రాష్ట్రానిది. తెలంగాణలో నెలజీతం 15,000 దాకా లేదు, ఆపైన 20,000 దాకా 150, అది దాటితే 200. రాజ్యాంగం 276వ అధికరణ ప్రకారం ఏడాదికి 2,500 మించకూడదు. ఇరవై వేల గుమాస్తా ఏడాదికి 1,800 కడితే రెండు లక్షల జీతగాడు కట్టేది 2,400. ఇదేం న్యాయమో నాకైతే అర్థం కాదు.

జీతం 21,000 లోపు ఉంటే ఈఎస్ఐ తోడవుతుంది. మన వాటా 0.75 శాతం, యజమానిది 3.25. పద్దెనిమిది వేల జీతంలో 135 రూపాయలు. ఇంట్లో ఒకరు ఆసుపత్రి పాలైనప్పుడు తెలుస్తుంది దాని విలువ.

కోత అంటే ఏడ్చేవాళ్లకు నేను బీడీలు చుట్టే ఆడవాళ్లను చూపిస్తాను. చేటలో తునికాకు పెట్టుకుని చుట్టేవాళ్లకు కూలి వెయ్యి బీడీల లెక్కన వస్తుంది, పీఎఫ్ కోత అక్కడ 10 శాతం. చేతికొచ్చేదే తక్కువ, అందులోంచి ఇదేం కోత అని విసుక్కున్నవాళ్లే తెలంగాణ వచ్చాక ఆ పీఎఫ్ నంబరు కాగితం కోసం పెట్టెలన్నీ వెతికారు. 2014 ఫిబ్రవరి 28 నాటికి పీఎఫ్ ఖాతా ఉన్నవాళ్లకే జీవన భృతి అని సర్కారు గీత గీసింది మరి. నెలకు మొదట వెయ్యి, తర్వాత 2,016. ఖాతా లేని పొరుగింటామె కూడా అవే బీడీలు చుట్టింది, ఆమెకు రాలేదు.

ఇక మన బోధన్ షక్కర్‌నగర్ సంగతి. 1937లో మొదలై ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదనిపించుకున్న నిజాం చక్కెర ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబరులో లే ఆఫ్ పడింది. ఫ్యాక్టరీ ఆగితే జీతం ఆగుతుంది, పీఎఫ్ ఖాతాలో పడ్డది మాత్రం కార్మికుడిదే. పీఎఫ్ పింఛను సంగతి తీస్తేనే కడుపు మండుతుంది. 2014 నుంచి కనీస పింఛను నెలకు వెయ్యి రూపాయలు, ఇన్నేళ్లయినా అంతే.

డాలర్ల లెక్క కూడా ఒకటి చూద్దాం. లక్ష డాలర్ల జీతంతో డల్లాస్‌లో ఉన్న ఒంటరి కుర్రాడికి 2025 లెక్కన ఫెడరల్ పన్ను 13 వేల పైచిలుకు, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కలిపి 7,650 పోతాయి. బీమా కోతలకు ముందు మిగిలేది దాదాపు 79 వేలు. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు కాబట్టి సరిపోయింది, కాలిఫోర్నియా అయితే ఇంకో అయిదు వేలు దాటి పోతాయి. సోషల్ సెక్యూరిటీ పింఛనుకు పదేళ్ల కొలువు కావాలి. ఈ విషయంలో భారత్, అమెరికా మధ్య ఒప్పందం లేదు. ఏడేళ్లకే తిరిగొచ్చినవాడికి సోషల్ సెక్యూరిటీ కింద కోసిన 6.2 శాతం దక్కదు. అసలైన కోత అంటే అదీ.

నిజామాబాద్‌లోనే పీఎఫ్ ప్రాంతీయ కార్యాలయం ఉంది. అక్కడిదాకా పోకుండానే, పే స్లిప్‌లో ఉన్న పీఎఫ్ అంకెను ఫోనులో యూఏఎన్ పాస్‌బుక్‌తో సరిచూసుకోవచ్చు. ఒక నెల కోసిన సొమ్మును యజమాని మరుసటి నెల 15వ తేదీలోగా జమ చేయాలి.