కాళ్లు వాచాయని బి.పి. మాత్ర మానేయొద్దు

"బి.పి. మాత్ర మొదలుపెట్టిన నెలకే కాళ్లు వాచినాయి. కిడ్నీలు పోతాయేమోనని మానేసినా" – అనంతపురం వైపు నలుగురాడవాళ్లు చేరినచోట తరచూ వినబడే మాటే ఇది. మానేయడం సులువే. కానీ రక్తపోటు నొప్పి తెలియనివ్వకుండానే పెరుగుతుంది. పక్షవాతం వచ్చాక గానీ కొందరికి సంగతి తెలియదు. ఇంతకూ ఈ మాత్ర లోపల ఏం చేస్తుంది?

డాక్టర్లు ఎక్కువగా రాసే ఆమ్లోడిపిన్ 'కాల్షియం ఛానెల్ బ్లాకర్' కోవలోది. గుండె నుంచి రక్తాన్ని మోసుకెళ్లే ధమనుల గోడల్లో కండరం ఉంటుంది. ఆ కండర కణాలకు సూక్ష్మమైన ద్వారాలుంటాయి. వాటిగుండా కాల్షియం లోపలికొస్తే కండరం బిగుసుకుంటుంది, దారి ఇరుకవుతుంది, పోటు పెరుగుతుంది. ఆ రాకను మాత్ర తగ్గిస్తుంది. కండరం సడలి దారి వెడల్పవుతుంది. ఇలాంటి మందుల కీలకం కాల్షియంలో ఉందని 1960లలో జర్మనీ శాస్త్రవేత్త ఆల్బ్రెక్ట్ ఫ్లెకెన్‌స్టైన్ కనిపెట్టారు.

మరి వాపెందుకు? ధమనులు సడలినంతగా సిరలు సడలవు. హెచ్చెల్సీ కాలువకు పైన తూము ఎత్తి, కింద నీళ్లు పోయే దారి అలాగే ఉంచితే గట్టు పక్కల ఊట పుట్టదూ? అలాగే సన్నని రక్తనాళాల్లోంచి కొంత నీరు చీలమండల దగ్గర ఊరుతుంది. సాయంత్రానికి చెప్పులు బిగుతవుతాయి. ఇది ఆడవాళ్లలో, పెద్ద మోతాదు వాడేవాళ్లలో ఎక్కువ. ఎండలకు ఇంకాస్త పెరుగుతుంది. కిడ్నీలు చెడినందువల్ల వచ్చే వాపు కాదిది. మూత్రం ఎక్కువగా పోయే మాత్రలు దీనికి పెద్దగా పనిచేయవు. డాక్టరుకు చెబితే మోతాదు తగ్గిస్తారు, లేదా సిరలనూ సడలించే మరో రకం మాత్ర జోడిస్తారు.

పేరులో కాల్షియం ఉందని సంగటి, పాలు మానుకోనక్కర్లేదు. 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. అది ఎముకలకు చేరకుండా ఈ మాత్ర అడ్డుకోదు. తగ్గించాల్సింది సంగటిని కాదు, అందులోకి నంజుకునే ఊరగాయను, ఊరుబిండిలో ఉప్పును.

ఇవి గుర్తుంచుకోండి

* పోటు మామూలుకొచ్చిందంటే మాత్ర పనిచేస్తోందని అర్థం, జబ్బు పోయిందని కాదు.

* ఒక కాలే వాచినా, ముఖం ఉబ్బినా, ఆయాసమొచ్చినా వెంటనే డాక్టరుకు చూపించండి.

* పక్కింటావిడకు సరిపడిన మాత్ర మీకూ సరిపడాలని లేదు.

* ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో బి.పి. ఉచితంగా చూస్తారు. ఇంట్లో అందరి మాత్రలూ గుర్తుపెట్టుకునే ఇల్లాలా, నీది ఎప్పుడు చూపించుకున్నావ్?