పాత కారుకు పెరటి వైద్యం

ఎంజీబీ... 1962 నుంచి 1980 దాకా ఇంగ్లండ్‌లోని అబింగ్డన్‌లో తయారైన స్పోర్ట్స్ కారు. ఐదు లక్షలకు పైగా రోడ్డెక్కాయి. బ్రిటన్‌లో ఇప్పటికీ వాటిని ఇంటి షెడ్డులోనే బాగుచేసుకునే అభిమానులు ఎందరో. 1798 సీసీ ఇంజిన్ సాదాసీదాది. కాస్త ఓపికుంటే పానాలకు లొంగుతుంది. అసలు శత్రువు తుప్పే!

ఈ కారుకు విడిగా ఛాసిస్ ఉండదు. తలుపుల కింద ఉండే 'సిల్స్' అనే రేకు పెట్టెలే బాడీకి వెన్నెముక. తుప్పుపట్టాయి కదా అని ఆసరా పెట్టకుండా కోశారో... బాడీ కుంగిపోతుంది, తలుపులు పట్టవు. అందుకే అనుభవజ్ఞులు తలుపులు బిగించే ఉంచి, సందులు కొలుచుకుంటూ ఒక్కోవైపే కోసి వెల్డింగ్ చేస్తారు.

మరీ శిథిలమైపోతే? దానికీ మార్గముంది. పాత అచ్చులతోనే కొత్త బాడీల తయారీ 1988లో మొదలైంది. అలా బతికిన కార్లకు... గుండె పాతది, ఒళ్లు కొత్తది!