అడ్డగీతతో మొదలగు ఫైలు ఎందుకు చెరగదు?

1969లో బెల్ ల్యాబ్స్‌యందు కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ ప్రభృతులు యూనిక్స్‌కు అంకురార్పణ గావించినది మొదలు, ఫైళ్ళ నామకరణమున అది చూపు ఔదార్యము ఇంతంత కాదు: డైరెక్టరీలను వేరుపరచు ఏటవాలు గీతయు, శూన్యాక్షరమును దక్క, ఏ చిహ్నమైనను పేరున ఇముడును. చిక్కంతయు ఆ ఔదార్యమునందే పుట్టినది.

'-పాట' అను ఫైలును చెరపదలచి, ఫైళ్ళను చెరపు ఆర్‌ఎం ఆజ్ఞతో 'ఆర్‌ఎం -పాట' అని టైపు చేసితిమనుకొనుడు. అడ్డగీతతో ఆరంభమైన మాటను ఆ ఆజ్ఞ ఫైలు పేరుగా గాక, తన పనితీరును మార్చు ఆప్షనుగా గ్రహించి, అట్టిది తనకు లేదని మొరాయించును. కొటేషను గుర్తుల నడుమ నుంచినను ఫలితము సున్న; ఏలయన మధ్యవర్తియగు షెల్ వానిని ముందే ఒలిచివేసి లోపలి మాటను మాత్రమే అందించును. కావున 'ఈ డైరెక్టరీలోనిది' అను అర్థమిచ్చు చుక్కను, ఏటవాలు గీతను ముందు చేర్చి 'ఆర్‌ఎం ./-పాట' అనవలెను, మొదటి అక్షరము చుక్క యగుటచే భ్రాంతి తొలగును. ముందుగా రెండడ్డగీతలు వ్రాసి, ఖాళీ విడిచి, పిదప పేరు వ్రాసినను చాలును గాని, నాకు చుక్క ఉపాయమే ప్రీతికరము. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ప్రాజెక్టగు గ్నూ వారి ఆర్‌ఎం సైతము, మొరాయించిన పిమ్మట, దానినే సూచించును!

ఖాళీగల పేర్లకు కొటేషను గుర్తులు శరణ్యము. నక్షత్రమే పేరైన ఫైలునకును అవియే రక్ష; అవి లేక 'ఆర్‌ఎం *' అన్నచో, షెల్ ఆ నక్షత్రమును డైరెక్టరీలో చుక్కతో మొదలుకాని పేర్లన్నిటిగా విస్తరించును, ఆర్‌ఎంకు చెత్తబుట్ట యనునది లేదు. సందేహమున్నచో 'ఆర్‌ఎం -ఐ' అనుడు; ఒక్కొక్క ఫైలునకు మీ అనుమతి యడుగును.