చిన్న పట్టాలూ, పెద్ద పట్టాలూ

గుంటూరు రైల్వేస్టేషను నుంచి ఒక దారి విజయవాడకూ, మరొకటి తెనాలికీ పోతుంది. ఊరి చివర నల్లపాడు దగ్గర ఇంకొక దారి రెండుగా చీలుతుంది. ఒకటి నరసరావుపేట, వినుకొండ, మార్కాపురం మీదుగా నంద్యాలకు. రెండవది సత్తెనపల్లి, పిడుగురాళ్ళ మీదుగా నడికుడికి. ఇప్పుడు ఈ దారులన్నిటి మీదా ఒకే రకం బండ్లు నడుస్తున్నాయి. ఒకప్పుడు అలా కాదు, పిల్లలూ!

తెనాలి దారిలో పట్టాల మధ్య ఎడం 1,676 మిల్లీమీటర్లు. దీనిని బ్రాడ్‌గేజి అంటారు. నంద్యాల దారి మీటరుగేజి. అంటే ఎడం సరిగా 1,000 మిల్లీమీటర్లే. తేడా సుమారు మూడు జానలు! రైలు చక్రాలు ఇరుసుకు బిగించి ఉంటాయి గనుక, ఒక దారిలో నడిచే బండి రెండవ దారి ఎక్కలేదు.

మరి రెండు కొలతలు ఎందుకు పెట్టారు? డబ్బు కలిసివస్తుందని. చిన్న దారికి నేలా, ఇనుమూ తక్కువ పడతాయి. నంద్యాల దారి నల్లమల కొండలు దాటాలి. అక్కడి ఇరుకు మలుపుల్లో చిన్న బండి సులువుగా తిరుగుతుంది.

అయితే ఇక్కడ మిగిలిన డబ్బుకు మరొకచోట మూల్యం చెల్లించవలసి వచ్చింది. వినుకొండ నుంచి మద్రాసు వెళ్ళే మనిషి గుంటూరులో పెట్టే బేడా దించుకుని, పెద్ద బండి ఎక్కేవాడు. కాని మిరపకాయల బస్తాలకూ, పత్తి బేళ్ళకూ కాళ్ళు లేవు గదా! గేజి మారేచోట హమాలీలు వాటిని ఒక వ్యాగను నుంచి దించి, రెండవదానిలోకి మోయవలసిందే. మిరప ఘాటుకు కళ్ళు మండేవి. తుమ్ములు ఆగేవి కావు. బస్తా చిరిగితే సరుకు నేలపాలు. వాన వస్తే పత్తి తడుపు. రెండవ బండిలో చోటు లేకపోతే సరుకంతా అక్కడే పడి ఉండాలి. దూరం తరగకుండానే రోజులు గడిచిపోయేవి.

దేశమంతటా వీలయినంతవరకు ఒకే గేజి ఉండాలని 1992లో రైల్వేవారు పెద్దయెత్తున పని మొదలుపెట్టారు. ఆ దశాబ్దంలోనే నంద్యాల దారి కూడా బ్రాడ్‌గేజి అయింది. ఇప్పుడు వినుకొండలో తలుపు మూసిన వ్యాగనును చెన్నైలో తెరవవచ్చు. మధ్యలో బస్తా కదలనక్కరలేదు.

ఇందులోని కష్టం తెలుసుకోవాలంటే ఒక చిన్న పని చేయండి. రెండు ఖాళీ అగ్గిపెట్టెలు తీసుకుని, ఒకదానిలో వంద బియ్యపు గింజలు పోయండి. ఒక్కొక్క గింజనే తీసి రెండవదానిలో వేయండి. ఎన్ని నిమిషాలు పట్టింది? ఎన్ని గింజలు కింద పడ్డాయి?